రాస్ గారు ఇంగ్లీషాయన కారు

కిందటేడు మన తెలుగు సంఘం పత్రికలో స్కాటిష్ ఆటల గురించి రాస్తూ వాటిని “ఇంగ్లీషువాళ్ళ జాతర” అన్నాను. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళిన మా పక్కింటి రాస్ గారిని “ఇంగ్లీషు పెద్దాయన” అనీ రాశాను. రెండూ తప్పే. మా అమ్మాయి ఆ వ్యాసాన్ని ఆయనకి ఇంగ్లీషులో చదివి వినిపించింది. ఈ నోవై ఊరికి వచ్చిన కొత్తలో మా ఆవిడ సుజాతకి మంచులో డ్రైవింగ్ నేర్పిన మనిషి, ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేశారు.

2014 మే చివర్లో మళ్ళీ ఆటలొచ్చాయి. రాస్ గారి కారు రిపేరులో ఉందని తెలిసి మా వ్యాన్‌లో రమ్మన్నాను. ఆయన భార్య గ్వెన్ గారు నచ్చజెప్పి తీసుకొచ్చారు.

ఉదయం ఏడున్నరకి బయల్దేరాం.

“ముందు సారీ చెప్పండి, పులిహోర తర్వాత పెడదాం,” అంది సుజాత. చెప్పాను. రాస్ గారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

లాన్సింగ్ దాటి ఉత్తరానికి తిరిగాక గ్వెన్ గారు అడిగారు. “వచ్చే వారం మీ రాష్ట్రం రెండవుతోందటగా?”

“అవునండీ. మాది ఖమ్మం, సుజాతది విజయవాడ.”

“అయితే వంటింట్లోకి పాస్‌పోర్ట్ కావాలేమో!” అన్నారావిడ.

“ఈయనకి వీసా కూడా ఇవ్వను,” అంది సుజాత.

అప్పుడు రాస్ గారు నోరు విప్పారు. “నిన్నెవరైనా హిందీవాడంటే?”

“ఒప్పుకోను. తెలుగువాణ్ణి. ఇండియన్‌ని కూడా.”

“నేను స్కాట్‌ని. బ్రిటిషర్‌ని కూడా, ఆ జెండా కింద నేవీలో పనిచేశాను. ఇంగ్లీషువాణ్ణి మాత్రం కాను.”

“నేను వెల్ష్, బ్రిటిష్‌వాళ్ళలోనే ఇంకో జాతి,” అన్నారు గ్వెన్ గారు. “నా సంగతి ఎవరూ అడగను కూడా అడగరు. మా అల్లుడు ఇంగ్లీషువాడు. బ్రిటిష్ అన్నా ఇంగ్లీష్ అన్నా అతనికి ఒకటే. చిక్కంతా అక్కడే!”

తొమ్మిదిన్నరకి చేరాం. టికెట్లు గేటు దగ్గరే ఇస్తారు. మైదానంలో నీడ లేదు, టోపీలూ మడత కుర్చీలూ తీసుకెళ్ళండి. చెట్టు మానంత దుంగల్ని నిలువునా ఎత్తి విసిరే పోటీ తప్పక చూడాలి. మధ్యాహ్నం ఒక్కో ఇంటిపేరువాళ్ళు ముందుకొచ్చి తాము వచ్చామని ఎలుగెత్తి చెప్పే ఆనవాయితీ ఉంది. రాస్ గారు తమవాళ్ళ తరఫున అరిచి, మైకు నా చేతిలో పెట్టారు.

“ఊఁ, మీ ఇంటిపేరు చెప్పు.”

“పసునూరివాళ్ళం వచ్చాం!” అని తెలుగులోనే అరిచాను. మైదానమంతా చప్పట్లు. ఛాతీ ఉప్పొంగింది.

“మరి మా పుట్టింటివాళ్ళో?” అంటూ సుజాత మైకు లాక్కుంది. “కొండూరివాళ్ళం కూడా వచ్చాం!”

సాయంత్రం తిరిగొస్తూ లాన్సింగ్ దగ్గర పెట్రోలు కోసం గ్యాస్ స్టేషన్‌లో ఆగాం. రాస్ గారి యాస విని క్యాషియర్ అమ్మాయి “మీది ఇంగ్లండా?” అంది.

ఆయనకంటే ముందు నేనే అందుకున్నాను. “స్కాట్లండ్. బ్రిటిష్ కూడా. ఆవిడ వెల్ష్.”

“మరి మీరు?”

ఈసారి రాస్ గారు చెప్పారు. “తెలుగు. ఇండియన్ కూడా. మా పక్కింటివాడు.”