కుడి సిలిండర్‌లో కన్నం

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడినప్పుడు రెండు ముక్కలే. ఇవాళ దాన్ని మీ ముందు దించుతున్నాను. జాలిపడమని కాదు. క్షమించమని అసలే కాదు. అవతలి మనిషి మీద నాకున్న కోపంలో సగం ఇప్పటికీ అలాగే ఉంది, అదీ చెప్పే తీరతాను.

ముందు నా పిచ్చి గురించి చెప్పాలి. మాది గుడివాడ. ఇరవై ఏళ్ళకు పైగా పాలిటెక్నిక్ పిల్లలకి ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాకొక లేతు మిషను ఉంది. దాని మీద ఆవిరి రైలింజను చేసుకున్నాను. బొమ్మ అనకండి, ఒళ్ళు మండుతుంది. మోకాలెత్తు ఉంటుంది. నిజం బొగ్గు వేస్తే నిజం ఆవిరితో నడుస్తుంది. వెనక బండి తగిలిస్తే నలుగురు పెద్దవాళ్ళని లాగుతుంది. ఇలాంటి పిచ్చివాళ్ళం దేశం మొత్తం మీద కొద్దిమందిమే, మాకొక వాట్సాప్ గ్రూపు. అందులో నన్ను అందరూ మాస్టారూ అంటారు. ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్నే అడుగుతారు. ఆ పిలుపంటే నాకు ఇష్టం. ఎంత ఇష్టమో తర్వాత మీకే తెలుస్తుంది.

ఈ పనిలో ఇంజను కట్టడం కష్టం కాదు. విడిభాగాలు చేసిచ్చే చిన్న చిన్న వాళ్ళతో వేగడం కష్టం. ఒక్కో వస్తువుకి దేశంలో ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ళకి మనతో పనిలేదు. ప్రెషర్ గేజ్ అమ్మే ఆయన ఫోనెత్తితే ఆ రోజు నాకు పండగే. వాల్వులు చేసే ఇంకొకాయన డ్రాయింగులో ఒక సైజు మర చూపించి, వస్తువుకి ఇంకో సైజు మర వేసి పంపాడు. అదేంటయ్యా అంటే, కాస్త సర్దుకోండి సార్ అన్నాడు. మర ఎక్కడైనా సర్దుకుంటుందా? అడిగితే మనమే సతాయించేవాళ్ళం. గట్టిగా అడిగితే ఇంక మన ఫోను ఎత్తరు.

ఆవిరి బలంతో చక్రాలు తిప్పే సిలిండర్లు పోత పోసేది బందరులో దైవసహాయం గారు. కూచిపూడి నాట్యం వాళ్ళ గజ్జెలకి మువ్వలు, చర్చిలకి గంటలు పోయడం ఆయన అసలు పని. మా సిలిండర్లు ఆయనకి చిల్లర పని. ఇంజనుకి ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి కావాలి. నెల రోజులన్నారు. పద్నాలుగు నెలలు పట్టింది. ఫోను చేస్తే వచ్చే వారం ఖాయమండీ. వెళ్తే డ్యాన్సు స్కూలు ఆర్డరు మీదున్నానండీ. ఒకసారి వానలకి అచ్చులు ఆరలేదు, ఒకసారి కొలిమి పగిలింది. చెప్పులరిగేలా తిరిగాను. ఆ పద్నాలుగు నెలల గురించి నేను గ్రూపులో అన్న మాటల్లో ఒక్కటి కూడా ఇప్పటికీ వెనక్కి తీసుకోను. మనిషి మంచివాడైతే మాత్రం, చెప్పిన రోజుకి ఇవ్వక్కర్లేదా?

అయితే ఆయన పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. పోసిన ప్రతి వస్తువునీ తీగకి వేలాడదీసి, చిన్న ఇనప పుల్లతో తట్టి, కళ్ళు మూసుకుని వినేవారు. లోపల గాలి బుడగ మిగిలినా, సన్నని పగులున్నా ఆ మోతలో ఆయనకి తెలిసిపోయేది. అలాంటిది మళ్ళీ కొలిమిలోకే వెళ్ళేది. నేను చదివిన చదువు దీన్ని పూర్తిగా ఒప్పుకోదు. కానీ ఆయన చెవి తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

సిలిండర్లు చేతికొచ్చాయి. ఎడమది చక్కగా వచ్చింది. రెండో రోజు కుడిది మిషను మీద పెట్టాను. ఎడమా కుడీ ఒకటి కావు, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. మొదటి సెమిస్టరు పిల్లలకి బోర్డు మీద కొట్టుకుని చెప్పే సంగతి. నేనేం చేశాను? ఎడమవైపు డ్రాయింగు ముందు పెట్టుకుని కుడి సిలిండర్‌కి డ్రిల్లు పెట్టాను. ఆవిరి లోపలికొచ్చే దారికీ బయటికి పోయే దారికీ మధ్య ఉండే గోడకి కన్నం పడింది. ఇంక అది ఇంజనుకి పనికిరాదు.

 ఆ తర్వాత చేసింది తొందరపాటు కాదు, బాగా ఆలోచించి చేసిన పని. సన్న ఉలితో కన్నం అంచులు చితక్కొట్టాను. మసి నూనె రాసి, ఇసుక రుద్ది, పోతలోనే గాలి బుడగ మిగిలిపోయినట్టు కనిపించేలా చేశాను. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పద్నాలుగు నెలలు తిప్పించుకుని ఇచ్చిన సరుకు ఇదీ అని రాశాను.

ఎందుకు చేశాను? నా వల్ల పాడయిందంటే మళ్ళీ క్యూలో చివర నిలబడాలి, ఇంకో పద్నాలుగు నెలలు. ఆయన తప్పంటే ముందు నాదే చెయ్యాలి. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న జవాబు ఇదే. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. అచ్చంగా నిజమేమిటంటే, మాస్టారు ఎడమకీ కుడికీ తేడా తెలియకుండా డ్రిల్లు పెట్టాడని ఆ గ్రూపులో ఒక్కడికి తెలిసినా నేను భరించలేకపోయేవాణ్ణి.

గ్రూపు భగ్గుమంది. ఎవరి కడుపులో ఉన్న మంట వాళ్ళు కక్కారు. నాకు ఆనందంగానే ఉంది, దాచను.

ఎవరో ఆ ఫోటో ఆయనకి చూపించారట, ఎనిమిదో రోజు పొద్దున్నే దైవసహాయం గారే బస్సెక్కి గుడివాడ వచ్చేశారు. సంచిలో తుండుగుడ్డ చుట్టిన కొత్త సిలిండర్. నెలల తరబడి తిప్పేవాడు ఎనిమిది రోజుల్లో ఎలా పోశాడని అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. పాతది ఒకసారి చూపించమన్నారు. తీగకి కట్టి తట్టారు. మళ్ళీ తట్టారు.

“ఇప్పుడు మూగగా ఉందండీ. ఆ రోజు మోగింది. నేను విన్నాను.”

నేను కొత్త సిలిండర్‌కి చుట్టిన తుండుగుడ్డ విప్పసాగాను.

“మాస్టారూ, ఏమనుకోకండి. మీరు డ్రిల్లు పెట్టక ముందు నుంచే ఉందాండీ ఇది?”

“ముందే ఉంది.”

ఆయన నా ముఖం వైపైనా చూడలేదు. చూసి ఉంటే కనిపెట్టేసేవారేమో. చూడాల్సిన అవసరమే లేదనుకున్నారు.

“అయితే నా చెవే పోయినట్టుందండీ. మీరెందుకు అబద్ధం ఆడతారు?”

ఆ పాత సిలిండర్ ఇంటికి తీసుకెళ్తానన్నారు. ఇక్కడే ఉండనీండి అన్నాను. తీరిగ్గా వెలుతురులో పెట్టి చూస్తే కన్నం అడుగున డ్రిల్లు గుర్తు దొరుకుతుందని భయం.

కొత్త సిలిండర్‌తో ఇంజను నడిచింది. అందరూ మెచ్చుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఏదో పని మీద బందరు వెళ్తే, దైవసహాయం గారి కొలిమి చల్లారిపోయిందని తెలిసింది. ఆయన భార్య చెప్పింది. మా ఇంటి నుంచి వెళ్ళాక విజయవాడలో చెవి డాక్టరుకి చూపించుకున్నారట. వయసుకి తగ్గట్టు కొద్దిగా తగ్గిందన్నాడట డాక్టరు. ఆ వయసులో ఎవరికి తగ్గదు? కానీ ఆయనకి ఆ మాట చాలింది. చెవి మీద నమ్మకం లేనివాడు మువ్వలు పొయ్యకూడదని చేతిలో ఉన్న ఆర్డర్లు కూడా తిప్పి పంపేశారు. ఇప్పుడు ఒక కవరింగ్ నగల షాపులో గాజులకి పాలిష్ పెడుతున్నారు.

వెళ్ళి చెప్పొచ్చుగా అంటారు మీరు. వెళ్ళాను. ఆ షాపు ముందు స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించారు. నేను నోరు తెరిచేలోపే, మిమ్మల్ని అన్ని నెలలు తిప్పడం నాదే తప్పండీ, మనసులో పెట్టుకోకండి అన్నారు. పర్లేదండీ అన్నాను. విన్నారా? ఆయన్ని నేను క్షమించి వచ్చాను! అంత సిగ్గులేని పని నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు.

మళ్ళీ వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. పోన్లెండి అంటారు. ఆ మాట నాకు వద్దు. దాంతో నాకు నిద్ర పడుతుందేమో గానీ, ఆయన పోగొట్టుకున్న ఏడేళ్ళ మువ్వలు తిరిగి రావు. అందుకే ఇలా, ఆయన నోట ఏ మాటా వినే వీల్లేకుండా రాస్తున్నాను. పిరికితనం అనుకుంటే అనుకోండి.

నా పేరు రాయలేదు. రాయకపోయినా దాగదు. బందరులో మువ్వలు పొయ్యడం మానేసిన దైవసహాయం గారు ఒక్కరే, ఆయన చేత సిలిండర్లు పోయించుకున్న గుడివాడ మాస్టారూ ఒక్కడే. గ్రూపులో వాళ్ళు చదివినా తెలుస్తుంది, ఆయనకి ఎవరు చదివి చెప్పినా తెలుస్తుంది. తెలియనీండి.

దైవసహాయం గారూ, మీరు నన్ను పద్నాలుగు నెలలు తిప్పారు, అది అన్యాయం. కానీ ఆ సిలిండర్ మంచిది. ఆ రోజు మీరు విన్నది సరిగ్గానే విన్నారు. కన్నం పెట్టింది నేను.