కుడికి నేను, ఎడమకు బాపు

మా ఇంట్లో మూడు లావుపాటి పుస్తకాలున్నాయి. వాటిలో ఒక్క అక్షరం కూడా మాలో ఎవరికీ చదవడం రాదు. అయినా వాటిని కంఠతా పట్టినంత పని చేశాను. పట్టిందంతా తప్పని తేలడానికి ఆరేళ్లు పట్టింది.

అవి బాపు తెచ్చినవి. మా వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు గల్ఫ్‌లో ఒక కొరియా కంపెనీ క్యాంపులో గదులు శుభ్రం చేసేవాడు. ఒక ముసలి కొరియా సారు పని ముగించుకుని తన దేశం పోతూ వదిలేసిన సామానులో ఈ పుస్తకాలు దొరికాయట. "గింత మంచి కాయిదం, గింత మంచి అట్ట, కచరల ఎట్ల పారేస్తం?" అని బాపు వాటిని పెట్టెలో సర్దుకున్నాడు. బరువు ఎక్కువైందని అవ్వ కోసం కొన్న బ్లాంకెట్‌ను తీసి పక్క మంచం ఆయనకు ఇచ్చేశాడు. ఆ బ్లాంకెట్ సంగతి అవ్వ చాన్నాళ్లు మరిచిపోలేదు.

"దునియంత టీవీలు తెస్తరు, సెంట్లు తెస్తరు. నువ్వు సదువరాని బుక్కులు తెచ్చినవ్," అంది.

అప్పుడు నేను ఆరో తరగతి. మాది వేములవాడకు దగ్గర పల్లె. ఇంటికొక మగమనిషి గల్ఫ్‌లో ఉంటే, ఇంటికొక ఆడమనిషి ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేస్తుండేది. అవ్వ కూడా అంతే. బాపు సెలవు అయిపోయి వెళ్లిన వారానికే ఆ పుస్తకాలకు పని దొరికింది. నానబెట్టి కత్తిరించిన తునికాకు ముడుచుకోకుండా బట్టలో చుట్టి, పైన బరువుకు వాటిని పెట్టేది. ఇప్పటికీ మొదటి పుస్తకం అట్ట మీద ఆకు మరక ఉంది. పేజీ తిప్పితే తంబాకు వాసన వస్తుంది.

నేను వాటిని తెరిచింది కరాటే మీద మోజుతో కాదు. అందులో ఉన్నది కరాటే కాదు, తైక్వాండో అనే కొరియా విద్య అని కూడా అప్పుడు తెలియదు. అసలు కారణం ఫోను. బాపు ఫోన్ చేస్తే నన్ను రెండే అడిగేవాడు. "తిన్నవా బిడ్డా? మంచిగ సదువుతున్నవా?" నేను రెండింటికీ ఆఁ అనేదాన్ని, ఫోను అవ్వ చేతికి పోయేది. ఆయన గొంతు ఇంకొంచెంసేపు వినాలని ఉండేది. వినాలంటే ఏదో ఒకటి అడగాలి కదా. ఆ మూడు పుస్తకాల్లో నాకు అడగడానికి బోలెడు దొరికింది.

అక్షరాలన్నీ సున్నాలూ పుల్లలూ. పేజీ నిండా ఫొటోలు. తెల్ల బట్టలేసుకున్న ఒకాయన మన వైపు తిరిగి నిలబడి, చేయి ఎత్తుతాడు, కాలు విసురుతాడు. మొదటి దాంట్లో పిడికిళ్లు, నిలబడే తీర్లు. రెండో దాంట్లో తన్నులు. మూడో దాంట్లో వరుసలు. వరుస అంటే ఇటు తిరిగి అడ్డుకుని, అటు తిరిగి గుద్ది, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసేది. అన్నిటికంటే చిన్న వరుసలో పందొమ్మిది కదలికలున్నాయి. మొదటి బొమ్మలోనూ చివరి బొమ్మలోనూ ఆయన పాదాలు ఒకే గుర్తు మీద ఉన్నాయి. అంటే మొదలుపెట్టిన చోటే ముగియాలన్నమాట. అది మాత్రం చదవకుండానే అర్థమైంది.

పుస్తకాన్ని గోడకు ఆనించి, దాని ఎదురుగా నిలబడి చేసేదాన్ని. బొమ్మ ఏ పక్కకు తిరిగితే నేనూ ఆ పక్కకే. వాకిట్లో ముగ్గుపిండితో చిన్న గుండ్రం గీసి, అందులో మొదలుపెట్టి, అందులోనే వచ్చి ఆగేదాన్ని. మొదట్లో ఎక్కడికో పోయేదాన్ని, ఒకసారి ఏకంగా నీళ్ల గోళెంలో చేయి పడింది. ఆర్నెల్లకు పాదాలు గుండ్రంలోకి వచ్చాయి. ఇంకేం, వచ్చేసిందనుకున్నాను.

"బాపు, గీ బొమ్మల మనిషి గుద్దినంక ఎన్కకు ఎందుకు తిరుగుతుండు?" అని ఫోన్లో అడిగాను. "నాకేమెర్క బిడ్డా. అడిగి చెప్త," అన్నాడు బాపు.

నిజంగానే అడిగాడు. ఆ క్యాంపులో క్రేన్ నడిపే ఇంకో కొరియా ఆయన ఉండేవాడు. శుక్రవారం సెలవు రోజున ఎండ ముదరకముందే షెడ్ల వెనక ఒక్కడే ఈ వరుసలు చేసుకునేవాడట. బాపు వెళ్లి ఆయన వెనకాల నిలబడ్డాడు. భాష రాదు కాబట్టి మాట లేదు. ఆయన వీపు చూస్తూ ఆయన చేసినట్టే చేయడం. నా ప్రశ్నకు జవాబు చెప్పడానికి నలభై ఏళ్లు దాటిన బాపు, వారమంతా గదులు ఊడ్చిన మనిషి, ఉన్న ఒక్క సెలవు పూటా ఇసుకలో కాళ్లు లేపాడు.

ఇంట్లోకి వీడియో వచ్చే ఫోను వచ్చాక మా శుక్రవారాలు మారిపోయాయి. నేను బడికి పోకముందు, ఆయన అక్కడ ఫోన్‌ను డబ్బాకు ఆనించి నిలబడేవాడు. ఇక్కడ అవ్వ చాట పక్కన పెట్టి ఫోను పట్టుకునేది. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టేవాళ్లం. ఫోన్లో బొమ్మ ఆగిపోయేది, మాట తెగిపోయేది. కానీ కనిపించినంతసేపూ నా చేయి ఏ పక్కన లేస్తే ఆయన చేయీ ఆ పక్కనే. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. "మల్ల వచ్చినప్పుడు ఇద్దరం పక్కపక్కన నిలవడి చేద్దం బిడ్డా. ఊరంత చూడాలె," అనేవాడు బాపు.

కరీంనగర్లో నేర్పే సార్లున్నారని తెలుసు. బస్సులో ఒక్కదాన్నే పంపడానికి అవ్వ ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ గట్టిగా అడగలేదు. సారు దొరికితే ఇక బాపును అడగడానికి ఏం మిగులుతుంది?

ఆ మల్ల వచ్చుడు మాత్రం అయ్యేది కాదు. ఎండాకాలం వస్తానన్నాడు, కంపెనీ మారింది. బతుకమ్మకు వస్తానన్నాడు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరో ఆగిపోయింది. "జర ఓపిక పట్టు బిడ్డా, ఫికర్ చెయ్యకు," అనేవాడు. నేను ఓపికను పందొమ్మిది కదలికలుగా పంచుకుని రోజూ వాకిట్లో ఖర్చు చేశాను. పక్కన ఒక మనిషికి చోటు వదిలి గుండ్రం గీసేదాన్ని. అవ్వ చూసి నవ్వేది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అనేది.

ఆరేళ్లకు వచ్చాడు. నేను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మండే ఎండల్లో, పెట్టె నిండా ఒక ఎర్ర బ్లాంకెట్ తెచ్చాడు. అవ్వ దాన్ని కప్పుకుని, చెమటలు కారుతుంటే, "మంచిగున్నది," అంది.

మర్నాడు పొద్దున్నే లేచి రెండు గుండ్రాలు గీశాను, పక్కపక్కన. బాపు ఎడమ వైపు దాంట్లో, నేను కుడి వైపు దాంట్లో. అవ్వ అరుగు మీద చాటతో కూర్చుంది. పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తున్నారు. "ఆఁ, షురూ చెయ్యి," అన్నాడు బాపు.

నేను కుడికి తిరిగాను. ఆయన ఎడమకు తిరిగాడు.

వీపులు రెండూ ఒకదానికొకటి పెట్టి ఇద్దరం చెరో దిక్కుకు పోయాం. అడ్డుకుని, ముందుకు అడుగేసి గుద్దాం. ఎవరూ ఆగలేదు, ఎదుటివాళ్లే సర్దుకుంటారని. తర్వాత వరుస ప్రకారం వెనక్కి తిరిగి, అడ్డుకుని, ముందుకు వచ్చి గుద్దాలి. వచ్చాం. నా పిడికిలి బాపు పిడికిలి దగ్గర ఆగింది. ఇద్దరం ఎదురెదురుగా నిలబడిపోయాం.

"ఫోన్ల గూడ గిట్లనేనాయె మీరు చేసెడిది," అంది అవ్వ. గోడవతల ఎవరో పకపకా నవ్వారు.

అప్పుడు తెలిసింది. బాపు మనిషి వీపు చూసి నేర్చుకున్నాడు, అందుకని ఆయనది సరైనది. నేను బొమ్మ ముఖం చూసి నేర్చుకున్నాను. బొమ్మలోని ఆయన ఎడమను నా కుడి చేసుకున్నాను. ఎటు నుంచి చేసినా పాదాలు గుండ్రంలోకే వస్తాయి కాబట్టి తప్పు బయటపడలేదు. ఫోన్లో ఎదురెదురుగా చేస్తాం కాబట్టి అక్కడా బయటపడలేదు.

బాపు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆరేళ్లు, ఊరి ముందు, తప్పు. మూతి ముడుచుకుని ఇంట్లోకి పోయాను. ఆయన సెలవు రెండు నెలలు. రోజూ పొద్దున వాకిట్లోకి వచ్చి, "రావే బిడ్డా, నేర్చుకుందం," అని పిలిచేవాడు. నేను పోలేదు. చీపురూ నీళ్లూ తగిలి గుండ్రాలు రెండూ చెరిగిపోయాయి. ఆరేళ్లు ఎదురుచూసి నేను చూపించిన బుద్ధి అది. ఆ పొద్దులు మళ్లీ ఎవరైనా ఇస్తానంటే ఇప్పుడు నేను ఏమైనా ఇస్తాను.

ఆయన వెళ్లిపోయాక కోపం దిగింది, ఏడుపు మిగిలింది. ఆ మర్నాటి నుంచే మార్చుకోవడం మొదలుపెట్టాను. ఆరేళ్లు కుడికి తిరిగిన ఒళ్లు ఎడమకు తిరగనంటుంది. మూడు నెలలు శుక్రవారాలు ఎగ్గొట్టాను, కాలేజీ అని అబద్ధం చెప్పాను. సరిగ్గా వచ్చాక ఒక శుక్రవారం ఫోన్ గోడకు ఆనించి, "బాపు, షురూ చేద్దమా?" అన్నాను. ఈసారి మా చేతులు కలవవని, అప్పుడు ఆయనకు అర్థమవుతుందని నా సంబరం.

నేను ఎడమకు తిరిగాను. ఫోన్లో బాపు చేయి కూడా నా చేయి పక్కనే లేచింది. పందొమ్మిదీ అలాగే కలిశాయి, అద్దంలో చూసుకున్నట్టు.

అంటే ఆయన కుడికి తిరిగాడు. నాకోసం ఆ మూడు నెలలూ తప్పు నేర్చుకున్నాడు.

"బాపు, నువ్వెందుకు మారినవ్?" అన్నాను.

"నువ్వు బాధపడ్డవ్ గదా బిడ్డా," అన్నాడు. అంతలో బొమ్మ ఆగిపోయింది, చేయి ఎత్తి ఉండగానే.

ఇప్పుడు నేను ఆసిఫాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆటలు నేర్పిస్తాను. మంచిర్యాలలో ఒక సారు దగ్గర పద్ధతిగా నేర్చుకుని బెల్టు పరీక్షలు కూడా పాసయ్యాను. పిల్లలకు ఎప్పుడూ నా ముఖం చూపించి నేర్పను, వీపు తిప్పి నిలబడతాను. వాళ్లకు కారణం తెలియదు. టీచర్‌కు సిగ్గెక్కువ అనుకుంటారు.

శుక్రవారాలు ఇంకా ఉన్నాయి. బాపు మోకాలు మునుపటిలా వంగదు. నేను ఎడమకు, ఆయన కుడికి. ఈసారి వచ్చినప్పుడు ఎవరో ఒకరం మళ్లీ మారాలి. "నేను మారుత," అంటాడు ఆయన. "వద్దు, నేనే మారుత," అంటాను నేను. ఆ కొట్లాట ఇంకా తెగలేదు. తెగాలంటే ముందు ఆయన రావాలి కదా.