తొంభై నంబర్ నూనె

మొన్న మంచు పూర్తిగా కరిగిపోయిన ఒక మధ్యాహ్నం మా ఎదురింటాయన తన ట్రక్కును డ్రైవ్‌వేలోకి తిప్పుతుంటే అది మొరాయించి, కుంటుతూ, ఎగిరెగిరి పడింది. ఆయన దిగి టైర్లను తన్ని చూశాడు. స్టీరింగ్‌ను తిట్టాడు. నేను రోడ్డు దాటి వెళ్ళి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, డాష్‌బోర్డు మీది గుండ్రటి మీటను నాలుగు చక్రాల గుర్తు నుంచి రెండు చక్రాల గుర్తుకు తిప్పాను. బండి బుద్ధిగా లోపలికి వెళ్ళిపోయింది. మీరు మెకానిక్కా అని అడిగాడు. కాదన్నాను. నేను గోదాములో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆదివారాలు మా సంఘంలో బైబిలు క్లాసు చెప్పేవాణ్ణి. ఈ ఒక్క విద్య మాత్రం మా మేనకోడలు నేర్పింది. ఆమె నేర్పినదాన్ని నేను పూర్తిగా వినలేదు.

కెనడాలోని ఈ హామిల్టన్ బస్సుల్లో నిలబడడానికి కూడా చోటులేనంతగా మన పిల్లలు చదువులకు వచ్చిన రోజులవి. మా ఆరాధన ఒక స్కూలు జిమ్‌లో జరిగేది. అక్కడ నలభై కుర్చీలు వేసేవాళ్ళం కాస్తా నూటయాభై వేయవలసి వచ్చింది. వాళ్ళందరూ కంప్యూటర్సో, వ్యాపారమో చదువుతుంటే మా మేనకోడలు ఖమ్మం నుంచి బండ్లు బాగుచేసే కోర్సుకి వచ్చింది. మా అక్క బంధువులకు "ఇంజినీరింగే" అని చెప్పి ఊరుకుంది. మా బేస్‌మెంట్‌లో ఉండేది. క్వయర్‌లో పాటల పుస్తకం పట్టుకుంటే గోళ్ళ చివర నల్లగా కనిపించేది, పుస్తకం అంచులు కూడా ఆ రంగుకే తిరిగాయి. ఒకరోజు భోజనాల దగ్గర రెండు చపాతీలను కంచంలో ముందొకటి వెనకొకటి పెట్టి నాకు పాఠం చెప్పింది. "ఇంజన్ బలం గేర్‌బాక్సుకి వస్తది మామయ్యా. దాని వెనకాల ఇంకో డబ్బా ఉంటది, ట్రాన్స్‌ఫర్ కేసు. అందులో చైను. ఆ బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది అదే. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి. మంచులో అయితే టైర్లు జారి సర్దుకుంటాయి. ఎండు రోడ్డు మీద జారవు గదా, ఆ తేడా అంతా పాపం చైను మీద పడుద్ది." మా ఆవిడ, "నీ చైను సంగతేమో గాని, చపాతీ చల్లారిపోతోందే తల్లీ" అంది. అందరం నవ్వాం. మా ఇంట్లో ఆ మాత్రం నవ్వు మళ్ళీ నాకు జ్ఞాపకం లేదు.

విద్యార్థులను ఆరాధనకు తీసుకురావడానికి సంఘానికి ఒక పాత ఫోర్ వీల్ బండి ఉండేది. మా పెద్దలు నవంబరులో దాన్ని నాలుగు చక్రాల్లో వేసి ఏప్రిల్ దాకా తీసేవారు కాదు. నాలుగు లాగుతుంటే రెండింటితో సరిపెట్టుకోవడం అవిశ్వాసమన్నట్టు ఉండేది మా వరస. చైను సాగిపోయి బండి గ్యారేజీకి చేరింది. మేనకోడలు పార్ట్‌టైమ్ చేసే ఆ గ్యారేజీ యజమాని ఒక ఇటలీ పెద్దాయన. ఆమె పర్మిట్‌కి కొద్ది నెలలే మిగిలాయి. ఫుల్‌టైమ్ ఉద్యోగం ఇస్తున్నానని ఆయన ఉత్తరం రాస్తేనే ఆమె ఈ దేశంలో ఉండగలదు. "ఈ బండి నువ్వొక్కదానివే విప్పి, బిగించి చూపించు. నీ పని నిలబడితే ఉత్తరం రాస్తాను" అన్నాడు.

మూడు రోజుల్లో చేసింది. ఇక నూనె పోయడమే మిగిలింది. మర్నాడు ఉదయం ఆ బండిలో యువజనులు ఉత్తరాన ఉన్న క్యాంపుకి వెళ్ళాలి. నేను సాయంత్రం బండి కోసం గ్యారేజీకి వెళ్ళేసరికి ఆమె కాలేజీ నుంచి వస్తున్న బస్సు మంచులో ఇరుక్కుంది. "ముట్టుకోకండి మామయ్యా, నేనొచ్చి పోస్తా" అని ఫోన్లో చెప్పింది. పెద్దాయన లోపల ఆఫీసులో ఉన్నాడు. భద్రాచలం అవతలి ఊళ్ళలో సువార్త జీపును పన్నెండేళ్ళు నడిపినవాణ్ణి నేను. దాని వెనక డబ్బాకు తొంభై నంబర్ గేర్ ఆయిల్ తప్ప ఇంకోటి ఎరగను. నూనె పోయడమే మిగిలిందని ముందే విని, వచ్చేదారిలో అదే కొని తెచ్చాను. బల్ల మీద ఎర్రటి పల్చటి నూనె సీసాలుంటే స్టీరింగ్‌కి కాబోలనుకుని సర్ది అలమరలో పెట్టాను. ప్రార్థన చేసి, తెచ్చిన చిక్కటి నూనె నిండా పోసి, మూత బిగించాను. ఆమె పరుగెత్తుకొచ్చి "పోశారా?" అంది. "నిండా పోశాను తల్లీ" అన్నాను. ఎర్ర నూనె సీసాలు లేని ఖాళీ బల్లను చూసి అవే పోశాననుకుంది కాబోలు, నా ముఖం చూసింది. పెద్దవాళ్ళ పనిని మళ్ళీ తరచి చూడడం మర్యాద కాదని మా ఇళ్ళలో పెంపకం. దాన్ని ఆదివారం క్లాసులో ఆమెకు వాక్యంతో సహా చెప్పినవాణ్ణి నేనే. పని పూర్తయిందనే కాగితం మీద ఆమె సంతకం పెట్టేసింది.

ఉదయం చలికి ఆ నూనె బెల్లంపాకంలా గడ్డకట్టింది. ఇక్కడి డబ్బాల్లో నూనెను పైకి తోడే చిన్న పంపు ఉంటుందట. దానికి బల్ల మీది ఆ పల్చటి ఎర్ర నూనే పోయాలట, నేను పోసిన చిక్కటిదాన్ని అది తోడలేకపోయింది. రెండు గంటల ప్రయాణం తర్వాత హైవే మీద బండి కింద ఊళ పెట్టినట్టు మోత మోగి, బేరింగ్ కాలి, డబ్బా పగిలింది. పిల్లలు పాటలు పాడుకుంటూ రోడ్డు పక్కన నిలబడ్డారు. వాళ్ళకేమీ కాలేదు.

పెద్దాయన డబ్బా విప్పి, వేలితో నూనె తీసి వాసన చూశాడు.  నేనే ముందుకొచ్చి జరిగింది చెప్పాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు. "తనే తప్పు నూనె పోసి ఉంటే నేర్పేవాణ్ణి" అన్నాడు. "తన పనిలో బయటివాళ్ళని చెయ్యి పెట్టనిచ్చి, చూడకుండా సంతకం చేసింది. అలాంటి మెకానిక్‌ని ఎలా పెట్టుకోను?" నా ఒప్పుకోలు ఆమెకు మిగిలిన కాస్త ఆశనూ తుడిచేసింది.

సంఘమంతా ఏడు శుక్రవారాలు ఉపవాసం ఉంది. ఇంకో గ్యారేజీ దొరకడమే కష్టమైంది, దొరికినచోట ఉత్తరం రాస్తామనలేదు. నేను క్షమించమని అడిగితే, "మీరు పోశానన్నారు, నేను చూడలే. అంతే మామయ్యా" అంది. ఇప్పుడు ఖమ్మంలో బైకుల షోరూమ్‌లో కౌంటర్ దగ్గర కూర్చుని ఇన్సూరెన్స్ కాగితాలు రాస్తుంది. పండగలకు వందనాలు చెప్పడానికి ఫోన్ చేస్తుంది. స్పానర్ మాట ఎత్తదు, నేనూ ఎత్తను.

క్షమాపణకు గడువు లేదని ముప్పై ఏళ్ళు బోధించాను, ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. ఆమె పర్మిట్‌కి మాత్రం గడువు ఉండింది. అది ఒక మంగళవారం నాడు, సాయంత్రం ప్రార్థనలో మేము మోకాళ్ళ మీద ఉండగానే, అయిపోయింది.