ఇరవై ఐదు అడుగుల తేడా

మా పిన్ని ఇంటి వెనక గోడకీ, రాబోయే రైలు మార్గం హద్దుకీ మధ్య నాలుగు మీటర్ల ఖాళీ ఉంటుందని నేను చెప్పాను. ఉజ్జాయింపుగా చెప్పలేదు. పరికరం పెట్టి కొలిచి, పటం గీసి, దాని మీద ఆ అంకె చూపించి మరీ చెప్పాను. ఆ మాట నమ్మి ఆవిడ ఊరందరి ముందూ చెయ్యెత్తింది.

నేను సివిల్ ఇంజినీరింగ్ చదివాను. అమలాపురంలో ఒక చిన్న సర్వే ఆఫీసులో ఉద్యోగం. ఇళ్ల స్థలాల లేఅవుట్లు, అల్లవరం వైపు రొయ్యల చెరువుల గట్లు, అన్నదమ్ముల పొలం పంపకాలు, ఇవీ మేం కొలిచేవి. ఏ పనికి వెళ్లినా నా జేబులో ఒక పట్టిక ఉంటుంది. చేయాల్సిన పనులు వరసగా రాసి, ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి. ఆఫీసులో దాన్ని చూసి నవ్వుతారు. ఆ పట్టికలో నాలుగోది: ఏ రాయి నుంచి కొలత మొదలుపెట్టామో దాన్ని ఇంకో రాయితో సరిచూసుకోవాలి.

కోనసీమకి రైలు వస్తుందన్న మాట నాకంటే వయసులో పెద్దది. గోదావరి పాయల్లో వంతెన స్తంభాలు లేచాయి. వాటిని బస్సు కిటికీలోంచి చూస్తూనే నేను కాలేజీ చదువు పూర్తి చేశాను. కొత్తపేట దగ్గర మా ఊరి మీదుగా మార్గం ఎటు పోవాలో ఊళ్లవాళ్ల అభిప్రాయం రాసిమ్మని రైల్వే వాళ్ల నుంచి కబురొచ్చేసరికి మొదట ఎవరూ నమ్మలేదు. రెండు దారులున్నాయి. ఒకటి ఎప్పుడో పాత సర్వేలో గీసిన దారి, కాలవ గట్టు వెంబడి. రెండోది ఊరికి అవతల, కొబ్బరితోటల మధ్య నుంచి. ఏది కావాలో తేల్చి, హాల్టు ఎక్కడ కావాలో కూడా రాసి పంపాలి. చదువుకున్న కుర్రాడు ఊళ్లోనే ఉన్నాడు కదా అని పటం గీసే పని నాకు అప్పజెప్పారు.

పాత సర్వేకి గుర్తుగా మా ఊళ్లో రెండు రాళ్లు పాతారని కాగితాల్లో ఉంది. ఒకటి ఉన్నచోట ఇప్పుడు చేపల చెరువు. రెండోది మా పిన్ని ఇంటి వెనక కొబ్బరితోటలో ఒక చెట్టు మొదట్లో దొరికింది. గట్టి నల్లరాయి, ఒక పక్క బాణం గుర్తు. ఎదర ముఖం మాత్రం అరచేయి జారేంత నునుపుగా ఉంది. ఏళ్ల వానకి అలా అరిగిందనుకున్నాను. రాయి ఎప్పటి నుంచి ఉందని పక్క తోట రైతుని అడిగితే, "మా నాన్నగారి టైము నించీ ఉందండి, ఆయ్" అన్నాడు. సరిచూడ్డానికి రెండో రాయి లేదు. నాలుగో గడి ఖాళీగా వదిలేసి ఐదోదానికి వెళ్లిపోయాను.

పిన్ని ఆ రోజు నాకు మజ్జిగ తెచ్చిచ్చి, చెట్ల కింద నిలబడి చాలాసేపు చూసింది. బాబాయి కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. రెండేళ్లకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఇంటికి ఒక గది కడతాడు. ఒక సెలవుకి ముందుగది, ఒక సెలవుకి పడకగది, పోయిన సెలవుకి వంటగది. ఆ ఇల్లు వాళ్లిద్దరూ కలిసి ఉన్న రోజుల లెక్కలాంటిది.

"మనింటికేం కాదు కదా నాన్నా?" అని అడిగింది.

"వెనక గోడకీ హద్దుకీ నాలుగు మీటర్లుంది పిన్నీ. ఏం కాదు."

"నాలుగంటే?"

అడుగులేసి చూపించాను. ఆవిడ కూడా నా వెనకే ఆ నాలుగు మీటర్లూ నడిచింది.

ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. బల్ల మీద నా పటం. అధ్యక్షత రిటైరైన హెడ్మాస్టారిది. మొదటి గంటంతా అమలాపురం మీదే గడిచింది. స్టేషను పట్నం లోపల పెడితేనే జనానికి ఉపయోగమని కొందరు, లోపల స్థలమెక్కడుంది, బయట పెట్టి సిటీబస్సు వేయమని కొందరు. మాస్టారు రెండు వైపులా విని, అమలాపురం సంగతి అమలాపురం వాళ్లు చూసుకుంటారు, మన ఊరి దగ్గర బండి ఆగుతుందా లేదా అన్నదే మనం తేల్చాలి అన్నారు. ఎక్స్‌ప్రెస్‌లు ఎలాగూ ఆగవు. కాకినాడ ఆసుపత్రికి వెళ్లేవాళ్లకీ, కాలేజీ పిల్లలకీ కావాల్సింది పొద్దునొకటి, సాయంత్రమొకటి పాసింజరు. హాల్టు లేకపోతే రైలు మన తోటల్లోంచి పోవడం చూసి చెయ్యూపడానికే పనికొస్తుందని ఆయన అంటే అందరూ ఒప్పుకున్నారు.

తరవాత దారి గొడవ మొదలైంది. తోట రైతుకి రైలు కావాలి, కానీ తోటల మధ్య దారి వద్దు. అటుపోతే తన కాపుచెట్లు సగం పోతాయి. ఊళ్లో ఆటో నడిపే ఆయనకి అసలు రైలే అక్కర్లేదు.

"నీకేం బాధయ్యా, ఆటోలో పన్నెండు మందిని కుక్కుతావు. నీదీ రైలే కదా" అన్నాడు రైతు.

"నాది ఆలీసంగా అయినా వస్తాదండి. మీ రైలు మా తాత టైము నించీ వస్తానే ఉంది" అన్నాడు ఆటో ఆయన.

జనం నవ్వారు. ఆ నవ్వులోనే నన్ను లేవమన్నారు. నేను లేచి రెండు దారుల లాభనష్టాలు వరసగా చదివాను. తోటల దారిలో చెట్లు ఎక్కువ పోతాయి, చిన్న కల్వర్టులు ఎక్కువ కట్టాలి, హాల్టు ఊరికి దూరమవుతుంది. కాలవ దారిలో గట్టు పక్క తోటల అంచులు పోతాయి, ఇల్లు ఒక్కటీ పోదు. "ఒక్కటీ పోదు" అన్న మాట రెండుసార్లు అన్నాను. నాకు ఆ రోజు చాలా బాగుంది. పెద్దవాళ్లు అరిచి తేల్చుకోలేనిదాన్ని కొలతతో తేల్చానని.

కాలవ దారికి చేతులెత్తమన్నారు. ఆడవాళ్ల వరసలో అందరికంటే ముందు పిన్ని ఎత్తింది. ఆ హద్దుకి అందరికంటే దగ్గరున్న ఇల్లు ఆవిడదే కాబట్టి మిగతావాళ్లు ఆవిడ వంక చూసి ఎత్తారు. కాగితం మీద సంతకాలయ్యాయి. హాల్టు కూడా అక్కడే, కాలవ వంతెన పక్కనే కావాలని రాశాం.

ఊరి మాట చెల్లింది. ఆ తరవాత రైల్వే అధికారుల కొలత మొదలైంది. వాళ్లు రాళ్లని నమ్ముకోలేదు. ఉపగ్రహం నుంచి స్థానం పట్టే పరికరం తెచ్చారు. సాయంత్రానికి ఎర్రరంగు వేసిన మేకులు వరసగా దిగాయి. పిన్ని ఫోన్ చేసి, "నాన్నా, వంటింట్లో మేకు కొట్టేరు" అంది. అంతే అంది.

వెళ్లి చూశాను. గచ్చు పగలగొట్టలేదు, మేకుకి బదులు గుమ్మం పక్కన గోడ మీద ఎర్ర గీత గీశారు. హద్దు గోడ లోపలికి మూడు మీటర్ల అరవై సెంటీమీటర్లు వచ్చింది. వంటగది పూర్తిగా దాని లోపల ఉంది. దాని స్లాబు పడకగది స్లాబుకే కలిపి పోశారు కాబట్టి ఆ గది కొట్టేస్తే పడకగది కూడా నిలబడదు. వాళ్ల అంకెల్ని నా పటంతో మళ్లీ మళ్లీ పోల్చాను. తేడా అన్నిచోట్లా ఒకటే, ఏడు మీటర్ల అరవై. పరికరంలో పొరపాటుంటే అంత ఒకేలా ఉండదు. అడుగుల్లోకి మార్చాను. ఇరవై ఐదు.

కోనసీమలో పుట్టినవాడికి ఆ అంకె ఎవరూ చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్టుకీ చెట్టుకీ మధ్య వదిలే దూరం అది.

తోటలోకి వెళ్లి ఆ రాయి పక్కన కూచున్నాను. పిన్ని వెనకే వచ్చింది. ఈ రాయిని ఎవరైనా కదిపారా అని అడిగాను.

"మా అత్తగారూ నేనూ తీసుకెళ్లేం. రేవులో వేసుకున్నాం, బట్టలుతకడానికి."

మాది ఒండ్రునేల. ఎంత తవ్వినా మట్టే వస్తుంది, రాయి రాదు. రోలైనా, ఉతికే రాయైనా బయటి నుంచి రావాల్సిందే. తోటలో పనికిరాకుండా పడి ఉన్న నల్లరాయిని చూసి ఇక్కడి ఆడవాళ్లు ఊరుకోరు. ఎన్నేళ్లు ఆ రాయి మీద ఆ ఇంటి బట్టలు ఉతికారో నాకు తెలీదు. నేను వానకి అరిగిందనుకున్న నునుపు సబ్బుదీ, వాళ్ల చేతులదీ.

రైలు కబురు మళ్లీ వచ్చినప్పుడు, సర్వే రాళ్లు కదిపినవాళ్ల మీద కేసులు పెడతారని ఊళ్లో పుకారు లేచింది. అప్పటికి అత్తగారు పోయారు. పిన్ని భయపడి, మధ్యాహ్నం ఊరంతా పడుకున్న వేళ, పక్కింటావిడ సాయంతో రాయిని మోసుకొచ్చి మళ్లీ పాతేసింది. ఇంటి వెనక నుంచి మూడో వరస చెట్టు మొదట్లో ఉండేదని ఆవిడకి బాగా గుర్తు. మూడు లెక్కపెట్టి అక్కడే పెట్టింది.

"మూడోదే నాన్నా. నాకు బాగా గురుతు" అంది. తరవాత ఇంటి వైపు చూసి ఆగిపోయింది. వంటగది ఉన్నచోట ఒకప్పుడు మొదటి వరస ఉండేది. గది కట్టేటప్పుడు ఆ చెట్లు కొట్టించింది బాబాయే. ఇప్పుడు మూడోదిగా కనిపించేది అప్పటి నాలుగోది.

"నువ్వు దీన్నించి కొలుస్తావని నాకేం తెలుసు" అంది చివరికి.

తెలియదు. తెలియాల్సింది నాకు. నేను రైతుని అడిగాను గానీ, ఆ పక్కనే మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ మనిషిని అడగలేదు.

పొరపాటు నాదని, రాయి సరిచూడలేదని వివరంగా ఉత్తరం రాసి రైల్వే ఆఫీసులో ఇచ్చాను. అక్కడి అధికారి పూర్తిగా చదివాడు. కోప్పడలేదు. తప్పు మీ పటంలో ఉంది, మా గీత మొదటి నుంచీ ఉన్నచోటే ఉంది, మీ ఊరు ఒప్పుకుందీ ఈ గీతకే అన్నాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏదీ నాకు దొరకలేదు.

మళ్లీ మీటింగు పెట్టించాను. ఈసారి నేను లేచి చెబుతుంటే నవ్వులు లేవు. అందరూ జాలిపడ్డారు. కానీ దారి మార్చమని రాస్తే మళ్లీ మొదటికొస్తుందని, వచ్చిన హాల్టు కూడా పోతుందని ఒకరి తరవాత ఒకరు మెల్లగా అన్నారు. ఇన్నాళ్లూ పక్కపక్కన ఉన్నవాళ్లం, ఇల్లు ఇంకోచోట కట్టుకోడానికి తలో చెయ్యీ వేస్తాం అన్నాడు రైతు. మాస్టారు నా వైపు చూడకుండా కళ్లజోడు తుడుచుకున్నారు. దారి మార్చమన్న కాగితం మీద పిన్నిదీ నాదీ కాక ఒకే ఒక్క సంతకం పడింది. ఆటో ఆయనది. రైలే వద్దన్న మనిషి సంతకానికి విలువేముంటుందని ఎవరో అన్నారు. అతను వినిపించుకోనట్టు పెన్ను నాకు తిరిగిచ్చాడు.

మేకుల సంగతి పిన్ని బాబాయికి చెప్పలేదు. రోజూ మాట్లాడుతూనే ఉంది, రోజూ రేపు చెబుదామనుకుంటూనే ఉంది. ఒక శుక్రవారం, అక్కడ ఆయనకి సెలవు, నేను వాళ్లింట్లో ఉండగా ఫోన్ మోగింది. పిన్ని తెర మీద పేరు చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి, వంటగది గుమ్మంలో నిలబడింది.

బాబాయి గొంతు హుషారుగా ఉంది. హాల్టు సంగతి అక్కడ పనిచేసే మనవాళ్లెవరో చెప్పారట. ఆయన ప్రతిసారీ హైదరాబాదులో విమానం దిగి, రాత్రంతా బస్సులో రావులపాలెం వచ్చి, అక్కడి నుంచి సంచులు మోసుకుని ఇంకో బండెక్కేవాడు.

"మనూళ్లోనే దిగొచ్చంట కదరా. మనింటికెంత దూరం?"

చెప్పాల్సినవి వరసగా రాసుకుని పెట్టుకున్నాను. కాగితం జేబులోనే ఉంది. తియ్యలేదు.

"దూరం లేదు బాబాయ్. హద్దు మనింట్లోకే వచ్చింది. మూడు మీటర్ల అరవై."

అవతల టీవీ శబ్దం వినిపిస్తోంది. అది ఆగిపోయింది.

"ఏ గది?"

"వంటగది. దాంతోపాటు పడకగది కూడా నిలబడదు."

"అది పోయినసారి కట్టింది కదా" అన్నాడు, నాకు తెలియదన్నట్టు. తరవాత, "నువ్వే కదరా కొలిచేవు? ఏం కాదని చెప్పేవంట" అన్నాడు.

"ఔను. తప్పు చెప్పేను బాబాయ్."

ఆయన తిట్టలేదు. తిడతాడని నేను సిద్ధపడి ఉన్నాను.

"సరే. మీ పిన్నికియ్యి" అన్నాడు.

ఫోన్ అందించాను. ఆవిడ చెవికి పెట్టుకుంది. రెండో చెయ్యి గోడ మీది ఎర్ర గీత పక్కన ఆనించి, "ఆయ్... ఆయ్..." అంటూ వింటూ ఉంది.