ఒక చప్పుడు తక్కువ

మా నాయనమ్మకు ఒక వింత అలవాటు. దీపావళినాడు కామాటిపురాలోని మా చాల్ వరుస గదుల ముందు పిల్లలు బాంబులు కాలుస్తుంటే, బొటనవేలితో వేళ్ల కణుపులు తాకుతూ చప్పుళ్లు లెక్కపెట్టేది. మేం నవ్వేవాళ్లం.

మొన్నామధ్య ఒక ఆదివారం ఆఫీసు స్నేహితురాలు స్నేహ మా గదికి వచ్చింది. ఇండోనేషియాలో ఒక అగ్నిపర్వతం ఎక్కాలని ఇద్దరం ప్లాన్ వేసుకుంటున్నాం. నాయనమ్మకు ఫోన్‌లో దాని వీడియో చూపించాను.

"గది నిప్పుల కొండ గాదె?"

"ఇప్పుడు పండుకుంది నాయనమ్మా. మస్తు ఏండ్ల సంది చప్పుడే లేదు. బిందాస్ ఎక్కొచ్చు."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"మీ తాత గూడ గట్లనే అన్నడు."

తాత రాళ్ల క్వారీలో పోయాడని తెలుసుగానీ, ఎలా పోయాడో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. బండకు రంధ్రాలు వేసి, పేలుడు మందు కూరి, వత్తులంటించి అందరూ దూరంగా ఉరికేవారట. ఎన్ని రంధ్రాలో అన్ని చప్పుళ్లు రావాలి. ఆ రోజు ఒకటి తక్కువొచ్చింది. చాలాసేపు ఆగి, ఇక అది పేలదులే అనుకుని తాత దగ్గరికి వెళ్లాడు. నాయనమ్మ అక్కడే రాళ్లు మోస్తోంది.

"తక్కువైన చప్పుడు గప్పుడొచ్చె," అంది.

స్నేహ ఫోన్‌లో వీడియో ఆపేసింది.

టికెట్లు మాత్రం కొన్నాం. ప్రయాణం వచ్చే నెలే. ఆ వీడియో ఇప్పటికీ పెట్టుకుని చూస్తుంటాను. కొండ అంచున గాలి తప్ప ఏమీ వినిపించదు. నాకు తెలియకుండానే నా బొటనవేలు చివరి కణుపు మీద ఆగి, ఎదురుచూస్తుంటుంది.