పదకొండు సందులు

పిల్లల రంగుల పుస్తకాలకు బొమ్మలు గీసే ఆవిడను ఆఫీసులో అందరూ గీతలమ్మ అనేవారు. ముప్ఫై ఏళ్లుగా అదే కుర్చీ, అదే నల్లసిరా కలం. ఆమె గీసేది అంచులే. రంగు పిల్లలది. అంచు ఎక్కడా తెగకూడదన్నది ఆ పనిలో మొదటి నియమం. ఇప్పుడు పుస్తకం ఫోనులోకి కూడా వెళుతోంది. పిల్లలు వేలితో తాకితే చాలు, రంగు దానంతటదే నిండుతుంది. వెంట్రుకంత సందున్నా సరే, చొక్కాలో పోసిన ఎరుపు బొమ్మంతా పారుతుంది. అలా పారినందుకే పోయిన ఏడాది యజమాని ఒక చిత్రకారుణ్ణి ఇంటికి పంపేశాడు.

ఈసారి ఐస్ హాకీ. ఆమె ఆ ఆట ఏనాడూ చూడలేదు. మంచు మీద ఆటంటే ఏదో నెమ్మదైన వ్యవహారం అనుకుంది. వీడియో పెట్టి చూస్తే మనుషులు గోడకేసి కొట్టుకుంటున్నారు. భుజాలతో ఢీకొంటున్న ఇద్దరు ఆటగాళ్లు, కర్రల మధ్య చిన్న బిళ్ల, వెనక కాళ్లకు దిండ్లు కట్టుకున్నట్టున్న గోల్ కీపర్. గీయడానికి వారం పట్టింది.

అచ్చు నమూనా వచ్చింది. ఆమె చూపు ఒక మోచేతి దగ్గర ఆగింది. ఆమె గీత చివరికొచ్చేసరికి సన్నబడుతుంది. ఇక్కడ సన్నబడలేదు. ఎవరో చెయ్యి పెట్టారు.

ఎవరో ఏమిటి? కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించే స్కాను పిల్ల. ఇద్దరు బిడ్డల తల్లే అయినా ఆఫీసుకి పిల్లే. చేరి ఆర్నెల్లయింది. "అక్కా, అక్కా" అంటూ మంచినీళ్లు తెచ్చిస్తుంది. అంత మర్యాద ఊరికే ఎవరు చేస్తారు?

"నా కుర్చీకి ఎసరు పెడుతోందండీ," అంది ఇంట్లో.

గడియారాలు బాగుచేసే ఆమె భర్త తలెత్తలేదు. "మొన్న పాలవాడు, నిన్న పక్కింటావిడ, ఇవాళ ఈ అమ్మాయి. నా వంతెప్పుడే?"

"మీరు ఆ వరసలో మొదటినుంచీ ఉన్నారు."

తర్వాతి పేజీ గోల్ కీపర్ ఒక్కడిదే. ఎడమకాలి కవచం కింద కావాలనే ఒక సందు వదిలి కాగితం ఇచ్చింది. రెండు రోజులకు నమూనా వచ్చింది. సందు లేదు. ఆమె దాన్ని స్కాను పిల్ల బల్ల మీద పడేసింది.

"ఎవరు కలిపారిది?"

"నేనే అక్కా."

"నా బొమ్మ మీద చెయ్యి వెయ్యమని ఎవరు చెప్పారు? అయ్యగారా?"

"ఎవరూ చెప్పలేదు."

"దొరికిపోయావులే. ఆ సందు నేను కావాలని వదిలింది."

స్కాను పిల్ల అసలు కాగితాన్ని తెర మీద పెద్దదిగా తెరిచింది. సందు ఉన్న చోటల్లా ఎర్రటి సున్నా చుట్టి ఉంది. తొడుగు మీద, కర్ర మీద, బూటు తాడు దగ్గర.

"ఇందులో కావాలని వదిలింది ఏదక్కా?"

గీతలమ్మ లెక్కపెట్టింది. పదకొండు. మళ్లీ లెక్కపెట్టింది. కుడిచేతిని బల్ల కిందికి దించుకుంది.

"ఎన్నాళ్లుగా?"

"నేను చేరినప్పటినుంచీ."

"అయ్యగారికి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మిమ్మల్ని పంపేస్తారు. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెడతారు. నేను గుర్రం గీస్తే కుక్కలా వస్తుందక్కా."

"అంతేనా?"

"అంతే."

ఆ 'అంతే'ని కూడా గీతలమ్మ సాయంత్రం దాకా మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది.

మర్నాడు భర్త కంటికి బిగించుకునే భూతద్దం తెచ్చుకుంది. కొత్త పేజీ మీద రెండు గంటలు వంగింది. కాగితం పట్టుకెళ్లి ఇచ్చింది.

"ఏడు కనిపించాయి. కలిపేశాను. ఇక చూసుకో."

స్కాను పిల్ల చూసింది. "ఇంకొకటుందక్కా. బూటు కింద."

గీతలమ్మ తెర మీదికి వంగింది. "నువ్వు పెట్టింది కాదు కదా?" అంటూనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "సరే, కలుపు. నేను చూస్తుండగా కలుపు."