పదమూడు మిల్లీమీటర్ల గోడ

2003 సెప్టెంబరు నాటికి నేను మాంచెస్టర్‌లో ఒక పెద్దాసుపత్రి గుండె విభాగంలో సీనియర్ ఎకో టెక్నీషియన్‌ని. గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో ఇ.సి.జి.లు తీస్తూ మొదలుపెట్టిన ఉద్యోగం అది. ఈ దేశం వచ్చాక మళ్లీ పరీక్షలు రాసి, అట్టడుగు మెట్టు నుంచి ఎక్కి అక్కడిదాకా చేరాను. నా పైన చీఫ్ టెక్నీషియన్, ఆ పైన కన్సల్టెంట్ డాక్టర్లు.

ఎకో అంటే గుండెకు తీసే స్కానింగ్. ఛాతీ మీద జెల్ రాసి, ప్రోబ్ అనే చేతి పరికరాన్ని పక్కటెముకల సందున ఆనిస్తే తెర మీద గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది. గదులెంత వెడల్పు, గోడలెంత మందం, కవాటాలు సరిగ్గా మూసుకుంటున్నాయా లేదా అన్నది కొలిచి రాయడం టెక్నీషియన్ పని. ఆ కొలతలకు అర్థం చెప్పి సంతకం పెట్టడం కన్సల్టెంట్ పని. పేషెంటు “ఎలా ఉంది?” అని అడిగితే మేము చెప్పాల్సిన మాట ఒక్కటే: “డాక్టరు గారు చూసి చెప్తారు.” బాగున్నా అదే, బాగోకపోయినా అదే. మొహం కూడా మారకూడదు.

గుంటూరులో ఈ పద్ధతి లేదు. అక్కడ పేషెంటు బల్ల దిగుతుంటే “ఏం లేదు, బాగానే ఉంది, ధైర్యంగా ఉండండి” అని అందరికీ చెప్పి పంపేవాళ్లం. నాలుగు రోజుల్లో పోయేవాళ్లకీ అదే చెప్పేవాళ్లం. అది రిపోర్టు కాదని చెప్పేవాళ్లకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. ఎండన పడి వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చినట్టు ఇచ్చే మాట, అంతే. ఇంగ్లండులో మొదటి నెలలోనే ఒకసారి అలా అనబోతే చీఫ్ టెక్నీషియన్ నన్ను పక్కకు పిలిచి చెప్పింది, ఇక్కడ యూనిఫాం వేసుకున్న మనిషి నోట్లోంచి వచ్చింది రిపోర్టే అవుతుందని. ఆ తర్వాత పదకొండేళ్లు నా నోరు నేను అదుపులోనే పెట్టుకున్నాను.

ఆ సెప్టెంబరులో మా విభాగంలో ఇద్దరు మానేసి వెళ్లారు. వాళ్ల స్థానంలో ఎవర్నీ తీసుకోలేదు. డ్యూటీల రోటా అంతా మిగిలిన మా ముగ్గురి నెత్తిన పడింది. వారమంతా రోజుకి పదీ పన్నెండు స్కాన్లు, పైగా శనివారం సొంత డబ్బు కట్టి వచ్చేవాళ్ల ప్రైవేటు లిస్టు. ప్రోబ్ నొక్కి నొక్కి కుడి భుజం పోటెత్తేది. ఇంటికొచ్చి అన్నం కలుపుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఇదంతా సాకుగా చెప్పడం లేదు. ఆ శనివారం నేనెలా ఉన్నానో తెలియాలని చెబుతున్నాను.

లిస్టులో ఆఖరి పేరు డారెల్ అనే అమెరికన్‌ది. ముప్ఫై ఒక్కేళ్లు, ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, నల్లవాడు. మాంచెస్టర్ దగ్గరి ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బులో నాలుగేళ్లుగా ఆడుతున్నాడు. ఈ దేశంలో ఆ ఆటను పట్టించుకునే నాథుడు లేడు. స్పోర్ట్స్ సెంటర్ హాల్లో, సగం ఖాళీ కుర్చీల ముందు ఆడి, మినీబస్సులో చలికి వణుకుతూ తిరిగి రావడమే. ఇప్పుడు గ్రీసులో ఒక జట్టు అతన్ని రెండేళ్లకు పిలిచింది. అక్కడ ఆ ఆటంటే పడి చస్తారట. అతని వయసులో అలాంటి పిలుపు రావడమే గొప్ప, మళ్లీ వచ్చే ప్రసక్తే లేదు. ఒప్పందమంతా సిద్ధంగా ఉంది, వైద్య పరీక్షలు బాగుంటేనే చెల్లుతుందన్న షరతు మీద. గుండె పరీక్ష ముందే ఇక్కడ చేయించి రిపోర్టు పంపమని గ్రీకు డాక్టర్లు అడిగారు. అలా మా దగ్గరికొచ్చాడు.

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడితే కాళ్లు మోకాళ్ల కింది నుంచి బల్ల దాటిపోయాయి. కుర్చీ తెచ్చి కాళ్ల కింద పెట్టాను. “థాంక్యూ మేడమ్” అన్నాడు. అంత మనిషీ భయపడుతున్నాడని ప్రోబ్ పెట్టగానే తెలిసింది. ఆటగాళ్ల గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, అతనిది పరుగెడుతోంది. కాలేజీలో తన రూమ్మేటు ప్రాక్టీసు మధ్యలో కుప్పకూలి మళ్లీ లేవలేదని, వాడి గుండెలో లోపమున్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదని తనే చెప్పాడు. “మేడమ్, నాక్కూడా అదేనా?” అని అడిగాడు. “డాక్టరు గారు చూసి చెప్తారు” అన్నాను.

గుండెలో ఎడమ గదికీ కుడి గదికీ మధ్య ఒక గోడ ఉంటుంది. దాని మందం పన్నెండు మిల్లీమీటర్ల లోపుంటే మామూలు. పదహారు, పదిహేడు దాటితే జబ్బని అనుమానించాలి. ఆ మధ్యలో ఉన్నదాన్ని గ్రే జోన్ అంటారు, ఇటూ అటూ తేలని చోటు. ఏళ్ల తరబడి కఠినంగా ఆడినవాళ్లకి కండ పెరిగినట్టే గుండె గోడ కూడా మందమవుతుంది, అది ఆరోగ్యమే. మనిషిని హఠాత్తుగా చంపే జబ్బులోనూ అదే గోడ మందమవుతుంది. తెర మీద రెండూ ఒక్కలాగే కనిపించవచ్చు. తేల్చే దారి ఒకటుంది. ఆట, వ్యాయామం పూర్తిగా మాన్పించి మూడు నెలల తర్వాత మళ్లీ కొలవాలి. ఆటవల్ల పెరిగిన గోడ తగ్గుతుంది, జబ్బు గోడ తగ్గదు.

డారెల్ గోడ మొదటి కొలతలో పదమూడు. రెండోసారి పదమూడు. మూడోసారి పద్నాలుగు.

ఇలాంటి ఆటగాళ్లను అంతకు ముందు చూశాను. లోపలి గది విశాలంగా ఉంది, గోడ చక్కగా సడలుతోంది. ఇది ఆట గుండేనని నాకు అనిపించింది. అనిపించిందంతే. జెల్ తుడుచుకోమని కాగితం ఇస్తుంటే మళ్లీ అడిగాడు. చొక్కా తొడుక్కుంటూ మూడోసారి అడిగాడు. నా భుజం సలుపుతోంది, ఇంకో పావుగంటలో ట్రామ్ ఉంది, నా ముందు అంత పొడుగు మనిషి పసిపిల్లాడిలా నిలబడి ఉన్నాడు. పదకొండేళ్లు ఆపుకున్న మాట జారింది. “ఏం లేదు, బాగానే ఉంది, దిగులు పెట్టుకోకు” అన్నాను.

నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊపి వెళ్లిపోయాడు. ఆ ట్రామ్‌లో నేను హాయిగా కునుకు తీశాను కూడా.

బుధవారం మా కన్సల్టెంట్ డాక్టర్ ఫెయిర్లీ ఆ స్కాన్ చూశారు. స్కాట్లండాయన, నెమ్మదస్తుడు, కొలత మీద కొలత సరిచూసే మనిషి. ఇ.సి.జి.లో కూడా కొన్ని అలలు తలకిందులుగా ఉన్నాయి. జబ్బు కాదని ఇప్పుడే చెప్పలేమని, మూడు నెలలు ఆట మాని మళ్లీ పరీక్ష చేయించుకోవాలని రాసి సంతకం పెట్టారు. అందులో తప్పేమీ లేదు. నేనాయన కుర్చీలో ఉన్నా అదే రాసేదాన్ని.

ఆ మధ్యాహ్నం ఆయన నన్ను గదిలోకి పిలిచారు. పేషెంటుకి ఫోన్ చేస్తే, బాగానే ఉందన్నారు కదా అంటున్నాడట. “ఎవరైనా ఏమైనా చెప్పారా?” అని అడిగారు. గొంతులో కోపం లేదు. “డాక్టరు గారు చూసి చెప్తారని చెప్పానండీ” అన్నాను. అబద్ధం కాదు, మొదటిసారి అడిగినప్పుడు అదే చెప్పాను కదా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఛీ, ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

సాయంత్రం మా ఆయనకి పేరూ ఊరూ లేకుండా జరిగింది చెప్పాను. ఆయన ముసలివాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో నర్సు. పప్పు తాలింపు పెడుతున్నవాడు గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

“నీకెందుకే ఆ నోటి దురద? డాక్టరు చెప్తాడని ఊరుకోవాలి గదా.”

“పాపం, వణికిపోతున్నాడండీ.”

“సరే, అది పొరపాటు. మరి ఇవాళ చెప్పిందేంటి? రేపు పొద్దున్నే పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేసెయ్.”

“ఉద్యోగం పోతే?”

“పోదులే. కాయితం మీద రాసి నాలుగు చివాట్లు పెడతారు. దానికేనా ఇంత?” అని మళ్లీ పొయ్యి వైపు తిరిగాడు.

గురువారం నేను చెప్పలేదు. శుక్రవారం డారెల్ వచ్చాడు.

మా విభాగం తలుపు దగ్గర, వీల్‌చెయిర్లు పెట్టే చోట నిలబడి మాట్లాడాడు. అరిచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. అరవలేదు. శనివారం నా దగ్గర్నుంచి బయటికెళ్లగానే, ఒప్పందాలు కుదిర్చే అతని ఏజెంటు ఫోన్ చేశాడట. “బాగానే ఉందన్నారు” అని ఇతను చెప్పాడు. ఒక దేశంలో ఆడే మనిషి ఇంకో దేశంలో ఆడాలంటే పాత దేశపు బాస్కెట్‌బాల్ సంఘం విడుదల పత్రం ఇవ్వాలి. అది రావాలంటే ముందు పాత క్లబ్బు వదులుకోవాలి. గ్రీసులో పేర్లు నమోదు చేసే గడువు దగ్గరపడింది కాబట్టి రిపోర్టు కోసం ఆగకుండా సోమవారమే పాత క్లబ్బు వదులుకునే కాగితం మీద సంతకం పెట్టించాడు ఏజెంటు. విదేశీ ఆటగాళ్లు ఇంతమందే ఉండాలని ఇక్కడ క్లబ్బులకి లెక్క. కాచుకుని ఉన్న ఇంకో అమెరికన్‌కి మంగళవారమే ఇతని చోటు ఇచ్చేశారు. ఇతని వర్క్ పర్మిట్ ఆ క్లబ్బు పేరు మీదే ఉంది, దాంతోపాటే అదీ పోయింది. క్లబ్బు ఇచ్చిన ఫ్లాటు ఖాళీ చేయాలి. రిపోర్టు చూసిన గ్రీకు జట్టు గురువారం వద్దంది. ఒక వారంలో ఇక్కడా లేదు, అక్కడా లేదు.

అతను నన్ను అడిగింది రెండు లైన్లు. ఆసుపత్రి మనిషే బాగుందని చెప్పబట్టి తొందరపడ్డాడని నేను రాసిస్తే, పాత క్లబ్బు మేనేజరు సోమవారం నాటి సంతకం రద్దు చేసి, కొత్తవాణ్ణి మూడు నెలలకే పెట్టుకుని, అన్నాళ్లూ ఇతన్ని జబ్బు సెలవు మీద ఉంచుకోవడానికి ప్రయత్నిస్తానన్నాడట. “మీరు చెప్పారు కదా మేడమ్” అన్నాడు.

రాస్తే బుధవారం నేనన్నది అబద్ధమని తేలిపోతుంది. అప్పుడు నాకు ఆ మనిషి కనపడలేదు, నా ఉద్యోగమే కనపడింది. “నేనేమీ రాయకూడదు, డాక్టరు గారిని అడగండి” అన్నాను. “యెస్ మేడమ్” అని వెళ్లిపోయాడు. అతను డాక్టర్ ఫెయిర్లీని అడగలేదు. అడిగినా ఆయన దగ్గరున్నది నా మాటే.

ఆ ఆదివారం మా తెలుగు సహవాసంలో ప్రార్థన మనవులేమైనా ఉన్నాయా అని పాస్టరు గారు అడిగారు. స్కూలు హాల్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని చెయ్యెత్తబోయి దించేశాను. ఏమని అడగాలి? ఒకతని గుండె కోసమనా, నా పిరికితనం కోసమనా?

జనవరిలో డారెల్ గురించి అమెరికా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి కార్డియాలజిస్టు మా పాత స్కాన్‌తో పోల్చి, మర్యాదకు మాకూ పంపిన రిపోర్టు. మూడు నెలల విశ్రాంతి తర్వాత గోడ మందం పదకొండు మిల్లీమీటర్లు. జబ్బు లేదు. ఆడుకోవచ్చు. పేషెంటు పరిచయంలో “మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు” అని రాసి ఉంది. క్లబ్బులో ఉండి ఉంటే ఆ జనవరికి అతని చోటు అతనికి ఉండేది. గ్రీసు ముందే వేరే మనిషిని తీసుకుంది.

డాక్టర్ ఫెయిర్లీ ఆ ఉత్తరం నాకు చూపించి, మన కొలతలు సరిగ్గా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు భరించలేకపోయాను. శనివారం ఏమన్నానో, బుధవారం ఏం దాచానో, శుక్రవారం ఏం నిరాకరించానో నిలబడే చెప్పేశాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఎందుకు దాచావని అడిగారు. భయమేసిందన్నాను. “అతనికి కూడా” అన్నారు.

జరిగిన పొరపాటు నమోదు చేసే ఇన్సిడెంట్ ఫారం నింపాను. చీఫ్ టెక్నీషియన్ ముందు విచారణ జరిగింది, లిఖితపూర్వక హెచ్చరిక నా ఫైల్లో చేరింది. మా ఆయన చెప్పినట్టే, కాయితం మీద నాలుగు చివాట్లు. ఆసుపత్రి డారెల్‌కి క్షమాపణ ఉత్తరం రాసింది, నా తప్పు నా హోదాతో సహా అందులో పెట్టింది. జవాబు రాలేదు. దాంతో అతను చేయగలిగింది అప్పటికి ఏమీ లేదు.

ఆ తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చిన ప్రతివాళ్లకీ మూడు సంగతులు చెప్పాను. పేషెంటు భయపడుతుంటే కూర్చోబెట్టండి, నీళ్లివ్వండి, రిపోర్టు ఏ రోజు వస్తుందో కచ్చితంగా చెప్పండి. ఫలితం గురించి మాత్రం మీ నోట ఒక్క మాట రాకూడదు. నోరు జారితే ఆ రోజే వెళ్లి చెప్పేయండి, ఎందుకంటే అవతలి మనిషికి ఆ రోజే దాంతో పని ఉంటుంది. కొందరు అడిగేవాళ్లు, మీరన్నది చివరికి నిజమే అయింది కదా మేడమ్ అని. నిజమే, అతని గుండె బాగానే ఉంది. నేను ఆ మాట అన్న రోజు అది నాకు తెలియదు.